నూరు శాతం వెజ్

అమెరికాలోని కమ్మింగ్ ఊళ్లో తెలుగు చర్చి వంటగదిలో కృపావరం లాప్‌టాప్ ముందు ధీమాగా కూర్చున్నాడు. ఆదివారం భోజనాలకు ఎవరు ఏం తెస్తున్నారో వెతికిపెట్టే యాప్ అతడు రాసిందే. పక్కన నిలబడ్డ దీనమ్మ రిటైరైన సాఫ్ట్‌వేర్ టెస్టర్.

“ఏమయ్యా, నీకు కాబోయే అత్తగారు మాంసం ముట్టరు కదా?”

“అవునాంటీ. ఇవాళే మొదటిసారి వస్తున్నారు. విడి గిన్నెల్లో వండినదానికి మనవాళ్లు ‘100% వెజ్’ అని రాస్తారుగా, అదే సెర్చ్ చేశాను.”

“ఏం దొరికింది?”

“‘100 చికెన్ వింగ్స్, వెజ్ సలాడ్.’ ఇదెలా వచ్చింది? పారామీటర్ వాడాను, ఎవరూ హ్యాక్ చేయలేరు.”

“హ్యాక్ ఎవరు చేశారు? పారామీటర్ దొంగ కమాండ్లనే ఆపుతుంది. నువ్వు వెతకడానికి వాడిన LIKE కమాండ్‌కి శాతం గుర్తు రమ్మీలో జోకర్ లాంటిది, దాని చోట ఏదైనా కూర్చోవచ్చు. నీ వందకీ వెజ్‌కీ మధ్య చికెన్ కూర్చుంది.”

“వెతికే మాటకి ముందూ వెనకా కోడ్‌లో నేను పెట్టిన శాతాలో?”

“అవి జోకర్లుగానే ఉండనీ. మనిషి టైప్ చేసిన శాతానికి మాత్రం ముందు బ్యాక్‌స్లాష్ తగిలించు. అండర్‌స్కోర్‌కీ, బ్యాక్‌స్లాష్‌కీ అంతే. అది ఎస్కేప్ గుర్తని, అంటే దాని వెనకది జోకర్ కాదు, ఉత్త అక్షరమేనని క్వెరీలో చెప్పు. తర్వాత నీ రెండు శాతాలూ చేర్చి, మొత్తం పారామీటర్‌గా పంపు.”

కృపావరం మార్చి, మళ్లీ వెతికాడు.

“ఏమీ రావట్లేదాంటీ. కోడ్ పాడైంది.”

“కోడ్ నిక్షేపంగా ఉంది. ఇవాళ ‘100% వెజ్’ ఎవరూ తేవడం లేదు, అంతే.”

“ఆవిడ గంటలో వస్తారు.”

“అయితే అది మూసి బియ్యం కడుగు. నేను చింతపండు నానబెడతాను.”