రెండు ప్రాసెసర్ల గడియారం

సెల్లు చార్జింగు అయిపోతే, గోడ గడియారాన్నే నమ్ముకుని తల్లీకొడుకులు ఎల్లారెడ్డి బస్టాండుకొచ్చి కూర్చున్నారు. కామారెడ్డి బస్సు జాడ లేదు.

"మొకం గట్ల పెట్టినవేంది బిడ్డా?"

"ఆఫీసుల కంప్యూటరు లోపల ఇంకో ఉత్తుత్తి కంప్యూటరు చేసిన అవ్వా. దానికి రెండు ప్రాసెసర్లు. దాని గడియారం గంటకు రెండు గంటలు ఉరుకుతున్నది. ఇయ్యాల బాగుచెయ్యకుంటే నౌకరి పోతది."

"రెండూ ముల్లు జరుపుతున్నయేమో. ఒకదాన్ని ఊకోమను."

టైమరు కొట్టినప్పుడల్లా రెండు ప్రాసెసర్లూ కాలాన్ని ముందుకు తోస్తున్నాయని తట్టేసరికి వాడికి ప్రాణం లేచొచ్చింది.

"గదే అవ్వా, గదే. మరి బస్సింక రాదేంది?"

"వస్తది. నీ బస్సు తప్పద్దని రాత్రి పండేముందు గోడ గడియారం గంట ముందుకు జరిపిన."



"నేను గూడ గంట జరిపిన."

"చెప్తి గద, ఒకలు ఊకోవాలని."

"ఎవలు?"

"నువ్వే. ఆ గడియారం మా తల్లిగారోళ్లు పెట్టింది."