ప్రభ తాడుతో లాగిన కారు

ఎరువుల కొట్టు గుర్నాధం ఉన్నాడే, మా మేనత్త వాళ్ళ ఊరాయన, తెల్లారేసరికి ఆయన నుదుటి మీద ఇంతేసి విభూతి ఉంటదంట. గోడకి సున్నం కొట్టినట్టు అనుకో. విభూతిని నేనేమీ అనటం లేదమ్మా, స్వామిని తలుచుకోకుండా మంచినీళ్ళు కూడా ముట్టను, మీకు తెలుసుగా. పెట్టుకున్నోడి సంగతి చెబుతున్నా. ఆయన గొప్పేందంటే, శివరాత్రి తిరనాళ్ళకి ఆ ఊరి ప్రభని ట్రాక్టరుకి కట్టి కొండకి లాక్కెళ్ళేది ఆయనే. వెదుర్లతో కట్టి, రంగుకాయితాలు అంటించి, బల్బులు పెట్టి బండి మీద నిలబెడతారే, అది, తొంభై అడుగులది. దాన్ని పడకుండా ఇరవై ఏళ్ళు లాగాడంట. లాగావులేవయ్యా, స్వామి పని చేశావు, మంచిదే. అంతటితో ఊరుకుంటే మనిషే గదా. లోకంలో దేన్ని లాగాలన్నా తనకి తెలిసినట్టు ఇంకోడికి తెలవదని పట్టుకున్నాడు. ఎవరిదో బర్రె బురదలో దిగబడితే ఈయన తాడేసుకుని పోయాడంట. బర్రె బయటికొచ్చింది. కొమ్ము ఊడింది. కొమ్ము మళ్ళీ మొలుస్తదిలే అన్నాడంట, ఏమాత్రం తడుముకోకుండా.

ఆ ఊళ్ళోనే శేషారత్నమని ఒకామె ఉంది. మొగుడు పోయాక కరెంటు కారు కొనుక్కుంది, కొత్తది కాదు, ఎవరో వాడిందే. దానికి పెట్రోలుండదు, రాత్రి ఇంట్లో ప్లగ్గు పెడితే పొద్దునకి నిండుద్ది. ఊళ్ళో కిడ్నీలు పాడైనోళ్ళు ముగ్గురు, వారానికి మూడుసార్లు టౌనుకి పోయి రక్తం శుద్ధి చేయించుకోవాల. వాళ్ళని తీసుకుపోయి తీసుకొచ్చేది ఈమే. ఈమె కూడూ ఆ కారే, వాళ్ళ ఊపిరీ ఆ కారే. ఇది గుర్తుపెట్టుకోండి. మిరప తొడిమలు గంపలో వెయ్యి పిల్లా, కథ వింటా కింద పోస్తన్నావు.

ఏమైందంటే, ఒక ఏడు ప్రభ ఎత్తే రోజు పొద్దున్నే గుర్నాధం ఆమె ఇంటికొచ్చాడంట. అమ్మాయ్, చుట్టుపక్కల తొమ్మిదూళ్ళ వాళ్ళని పిలవాల, కారు తియ్యి, స్వామి కార్యం అన్నాడు. స్వామి పేరు చెబితే ఎవరు కాదంటారు, తీసింది. బంపరుకి బంతిపూల దండ కట్టించాడు, నిమ్మకాయలు వేలాడదీయించాడు, తను ముందు సీట్లో కూర్చున్నాడు. అద్దాలు దించమన్నాడంట, తను జనానికి కనపడాలి గదా. చెమట పట్టకూడదని ఏసీ కూడా పెట్టమన్నాడంట. అద్దాలు దించి ఏసీ. నవ్వండి పర్లేదు, నేను విన్నప్పుడే నవ్వా. ఆరో ఊరు దాటాక శేషారత్నం చెప్పింది, బాబాయ్, చార్జింగు అడుగంటింది, ఇంటికి పోదాం అని. దానికి ఈయన, భయమెందుకు, స్వామి పని మీద పోతన్నాం, స్వామే నడిపిస్తాడు అన్నాడంట. స్వామి నీకు డ్రైవరా? స్వామి నడిపించాల్సింది నీ బుర్రని గదా, అది చూస్తే చెట్టుకి కట్టేసి వచ్చినట్టుంది. తొమ్మిదో ఊరూ తిరిగారు. తిరిగొస్తా, సొంతూరు ఇంకో మైలు ఉందనగా, కాలవ వంతెన మీద కారు ఆగిపోయింది. మధ్యాన్నం మూడయింది. నాలుగింటికి ప్రభ ఎత్తాల, మొదటి కొబ్బరికాయ గుర్నాధం చేత్తోనే కొట్టాల.

అప్పుడేం చెయ్యాల? ఫోను చేస్తే ట్రాక్టరు వస్తది, ఎక్కి పోవచ్చు. పోడు. కార్లో దిగితేనే గదా మర్యాద. ట్రాక్టరు తెమ్మన్నాడు, దాంతో ప్రభ తాడు కూడా తెమ్మన్నాడు. ట్రాక్టరుతో పాటు ప్రభ కట్టే మొగాళ్ళు నలుగురు వచ్చారంట, మైకు పెట్టుకుని, శివుడి పాటలు ఏసుకుని. శేషారత్నం అడ్డం నిలబడింది. బాబాయ్, దీన్ని చక్రాల మీద లాగకూడదు, టౌను నుంచి లారీకి ఫోను చేశా, అరగంటలో వస్తది, దాని మీదకి ఎత్తుకునే పోవాల అంది. ఎందుకు లాగకూడదంటే ఆమె ఏం చెప్పిందో నేను మీకు చెబుతా. ఎనకట సైకిలుకి డైనమో ఉండేది కాదా, చక్రం తిరిగితే లైటు వెలిగేది? ఈ కారు పొట్టలో అట్టాంటిది పెద్దది ఉందంట. చక్రాలు తిరిగితే మోటారూ తిరుగుద్ది, తిరిగితే కరెంటు పుడతది, పుట్టిన కరెంటు పోయే దారి లేక లోపలే కాగి కాగి మోటారు కాలిపోద్ది. కారుతో పాటిచ్చిన పుస్తకంలో బొమ్మేసి మరీ ఉందంట. ఆమె పుస్తకం తెరిచి చూపిస్తే గుర్నాధం ఏమన్నాడో తెలుసా, తొంభై అడుగుల ప్రభని లాగినోణ్ణి, ఈ అగ్గిపెట్టెని లాగటానికి నాకు పుస్తకమా అన్నాడు. చక్రాలున్నదాన్ని ఎవరన్నా మోసుకుపోతారంట్రా అని నలుగురి వంకా చూసి నవ్వాడు. అప్పుడామె, ఉత్సవమూర్తికి కాళ్ళు లేవా బాబాయ్, మరి భుజాల మీద ఎందుకు మోస్తన్నారు అంది. ఆ నలుగురిలో ఒకడికి నవ్వాగలేదంట. ఇక గుర్నాధం మొహం చూడాల. ఆడది కారు తోలితే ఇట్టాగే ఉంటది, దేవుడి మీద నమ్మకం లేనిదానివి, గేరు తీసి కూర్చో, మాట్లాడబాక అన్నాడు.

దేవుడి మీద నమ్మకమంట. ఆ పుస్తకం రాసినోడికి తెలివి ఎవరిచ్చారు నాయనా? నీకు ఎదురుపడి చెప్పే తీరిక లేక స్వామి కాయితం మీద రాయించి పంపితే, దాన్ని పక్కకి తోసి, ఆయన పేరే మైకులో పెట్టి అరుస్తన్నావు. ఆయన వింటాడా, చెవులు మూసుకుంటాడా?

సరే, ఆమె ఒక్కతి, వాళ్ళు ఐదుగురు. ఏం చేసిందంటే, పోయి కార్లో కూర్చుంది. ఆ కారుకి మనకి తెలిసిన గేరు కడ్డీ ఉండదు, చిన్న మీట ఉంటదంతే. దాన్ని నొక్కితే చక్రాలు రాయి పట్టినట్టు బిగుసుకుపోతాయి. నొక్కింది, హ్యాండుబ్రేకూ ఏసింది, చేతులు కట్టుకుని కూర్చుంది. గుర్నాధం ప్రభ తాడు తెచ్చి బంపరుకి చుట్టాడు. బంపరంటే ఇనుమనుకున్నాడేమో, అది సబ్బుపెట్టె లాంటి ప్లాస్టిక్కు. ఏడు ముళ్ళేశాడంట, ఆయన ముడి ఏనుక్కి కూడా ఊడదని పేరు. నలుగుర్నీ ఎక్కించుకుని, తనే తోలటానికి కూర్చుని, మైకు పెంచి, హరహర అనండిరా అన్నాడు. అన్నారు. ట్రాక్టరు గుంజింది, కారు కదల్లేదు. ఇంకా గట్టిగా అనండిరా అన్నాడు. అన్నారు. పొగ లేచింది, కారు కదల్లేదు. మూడోసారి, ఊరు ఊరంతా వినపడేట్టు అనండిరా అని ఎక్సలేటరు తొక్కిపట్టాడు. ఫట్‌మంది. ట్రాక్టరు ఎగిరి ముందుకి దూకింది, దూకి పరుగెత్తింది. చూశార్రా, కదిలింది అన్నాడంట గుర్నాధం. ఆ మైకు మోతలో, ఆ దుమ్ములో, ఒక్కడన్నా ఎనక్కి తిరిగి చూస్తే ఒట్టు.

ప్రభ దగ్గర ఊరంతా కాసుకుని ఉంది. ట్రాక్టరొచ్చి ఆగింది. గుర్నాధం దిగి, కండవా దులుపుకుని, ఎనక్కి చూడకుండానే చెయ్యి ఎనక్కి చూపించి, లాగకూడదంట, లాక్కొచ్చా, చూసుకోండి అన్నాడు. జనం చూశారు. నలభై గజాల తాడు, తాడు చివర బంపరు, బంపరుకి బంతిపూల దండ, రెండు నిమ్మకాయలు, నంబరు ప్లేటు. మా మేనత్త అత్తగారు, తొంభై ఏళ్ళ మనిషి, కళ్ళమీద చెయ్యి అడ్డం పెట్టుకుని చూసి, గుర్నాధం, మిగతాది ఎనకొస్తందా అబ్బాయా అని అడిగింది. నిజంగానే అడిగింది పాపం, ఎగతాళికి కాదు.

మిగతాది ఎనకే వచ్చింది. వంతెన దగ్గరికి లారీ తోలుకొచ్చిన ఖాసిం, అక్కా, బంపరు పోతే పోయింది, లాగే కొక్కెం బిగించేది లోపల ఇనప దూలానికి, అది బాగానే ఉంది అన్నాడంట. లారీ వీపు జారుడుబల్లలా వాల్చాడు. శేషారత్నం మీట నొక్కి చక్రాలు వదిలింది, నాలుగు బారల దూరం, చీమ నడిచినట్టు పైకి లాగాడు, మళ్ళీ బిగించేసింది. నాలుగు చక్రాలకీ నాలుగు పట్టీలేసి కట్టాడు. ఇక చక్రం నేలకి తగిలే పనే లేదు. సరిగ్గా నాలుగింటికి, గుర్నాధం తన ముడి తనకే ఊడక తాడు దగ్గర గొంతుక్కూర్చుని పీకుతా ఉంటే, మూతి పళ్ళు లేని ముసలమ్మలా కారు లారీ మీద ఊరేగింపుగా వచ్చింది. పంతులుగారు ముహూర్తం పోతందని కేకేస్తే, ఆయన ఇంకా ముడి దగ్గరే ఉన్నాడు. పంతులుగారు ఇటూ అటూ చూసి, లారీ దిగతన్న శేషారత్నం చేతిలో పెట్టాడు కొబ్బరికాయ. ఒక్క దెబ్బకి రెండు చెక్కలు.

రాత్రికి ప్లగ్గు పెట్టింది. మర్నాడు పొద్దున బంపరు లేకుండానే ముగ్గుర్నీ ఎక్కించుకుని ఆసుపత్రికి పోయింది, మోటారుకి ఈగ వాలినంత దెబ్బ కూడా లేదు.

గుర్నాధం మారాడా అంటే, ఏం మారతాడు తల్లీ. విభూతి ఇంకా మందమైంది. ప్రభ లాగేది ఇప్పుడూ ఆయనే. కాకపోతే ట్రాక్టరు కదిలేముందు ఒకసారి, కదిలాక ఒకసారి, మెడ తిప్పి ఎనక్కి చూస్తాడంట, చేతులు రెండూ ఎత్తి దణ్ణం పెడతాడంట. ఆహా, ఎంత భక్తో, ప్రభకి మొక్కుతన్నాడు అనుకుంటారు కొత్తోళ్ళు. స్వామికి తెలుసు ఎందుకు చూస్తన్నాడో. మీకూ తెలుసు ఇప్పుడు. పట్టండి, ఆ మిరపకాయల బస్తా ఇటు దొర్లించండి.