వరాలప్ప మేడ, మా జాగా

"మామ్మా, ఊళ్ళో ఎవుల్నడిగినా ఈ ఇంటిని వరాలమ్మ మేడంటారు. కరెంటు బిల్లేమో తాత పేరు మీదొత్తాది. అసలిది ఎవులిది?"

ఎవులిదంతే ఏటి సెప్తానే గుంటా. కూకో ఇలగ. ఆ ఫోను ఎక్కడెడతావో ఎట్టు, నా మాటలు దాన్లో పడాలంతన్నావు కదా. జాగా మనదే. మీ తాత వాళ్ళయ్యది. గోడలు మాత్రం వరాలప్పవి. ఆవిడి నాకు సొంత అప్ప కాదు, తోడబుట్టినది కాదు, తెలుసు కదా. మైదానం మనిషి, సావుకారి పెళ్ళాం.

అప్పుడిక్కడ ఏటున్నాది? రోడ్డు పక్కన మా మావ పశువుల్ని కట్టేవోడు, అంతే. శుక్రారం సంతకి సావుకారి ఉప్పు, ఎండుసేపలు ఏసుకుని కిందనుంచి వొచ్చేవోడు. గంపెడు చింతపండిత్తే తవ్వెడుప్పు ఇచ్చేవోడు. నవ్వుతావేటి, ఆ ఉప్పు కోసరమే మేము కొండ దిగీవోళ్ళం. ఆడొకనాడు మా మావనడిగినాడు, సామాను దాసుకోడానికి కొంచెం జాగా ఇయ్యమని. ఇచ్చీసినాడు మావ. కాయితం రాసినారు, తొంభైతొమ్మిదేళ్ళకి లీజు అని. మావకి అంత లెక్క ఎక్కడొచ్చు? "అప్పటికి నువ్వూ ఉండవు, నానూ ఉండను కదా" అనీసి నవ్వుకుంటా ఏలిముద్ర ఏసినాడంట. నాను సూడనేదు, మా అత్త సెప్పేది.

తడికల కొట్టు పోయి పెంకుల కొట్టయ్యింది, పెంకులు పోయి స్లాబయ్యింది, దాని మీద ఈ మేడ లేచింది. కింద కొట్టు, మీద కాపరం. మీ అయ్యని నాను ఈ మేడ మీదే కన్నాను, ఎరుగుదువా? వానలు. గెడ్డ పొంగిపోనాది, జీపు రాదు. సంతకొచ్చినదాన్ని ఇక్కడే నొప్పులొచ్చీసినాయి. వరాలప్ప తన మంచం మీదే నన్ను పడుకోబెట్టింది. ఆవిడికి పిల్లల్నేరు. మీ అయ్యకి మొదటి నీళ్ళు ఆవిడే పోసింది.

ఏటి సెప్తన్నాను... ఆఁ, సావుకారి పోనాడు. గుండె ఆగిపోనాది, కొట్టులోనే. ఆడు పోయినాక వరాలప్ప మోకాళ్ళు పట్టీసినాయి. మెట్టు మెట్టుకీ కూకునీది. అనకాపల్లిలో సెల్లెలున్నాది, వొచ్చెయ్యమంది. మేడ అమ్మీసి ఆ సెల్లెలి ఇంటి దగ్గిర సిన్న వాటా కొనుక్కుంతానని ఆవిడి ఆశ. వైజాగు నుంచి ఒకడొచ్చినాడు. చలికాలం మంచు సూడ్డానికి జనం వొత్తన్నారు కదా, గదులు సేసి అద్దెలకిత్తానన్నాడు. బేరం కుదిరిపోనాది. ఆవిడి పట్టుసీర కట్టుకుని రిజిస్ట్రేషనుకి ఎల్లింది.

సాయంకాలం తిరిగొచ్చి ఇదిగో, ఈ మెట్ల మీదే కూలబడిపోనాది. అప్పటికి మేమూ కొండ దిగి ఈ ఎదురుగానే ఉంతన్నాం. నాను తిరగలి కాడ చోళ్ళు ఇసురుకుంతన్నదాన్ని, లేచి ఎల్లినాను.

"నా ఇల్లు నాది కాదంతన్నారు బుద్రీ" అన్నాది.

వన్ సెవెంటీ సట్టం అంతారు కదా, నువ్వు సదువుకున్నావు, నీకే తెలుసు. ఏజెన్సీలో గిరిజనుడి జాగా ఇంకొకడికి సెల్లదు. మాకు అమ్మడం ఒకటే తెలుసు గాని, లీజు కూడా అమ్మకం కిందే లెక్కంట. ఆ కాయితమే సెల్లదన్నారు. సెల్లని కాయితం మీద కట్టిన మేడని ఇంకో మైదానపోడికి ఎలాగ అమ్ముతావమ్మా అన్నారంట ఆవిడిని.

అక్కడితో ఐపోతే బాగున్ను. ఆ వైజాగోడు మా ఇంటికొచ్చినాడు. మిఠాయి పొట్లం తెచ్చినాడు. కాయితాల మీద మీ తాత పేరుండాలంట, గదులు ఆడు నడుపుకుంతాడంట, ఆడూ సుకం మేమూ సుకమంట. వరాలప్ప పక్కనే కూకుని నా మొహంలోకి సూత్తాది. మీ తాతది మెత్తటి మనసు, సంతకం పెట్టీద్దాం పాపం అన్నాడు.

ఇంకో పక్క మా మరిది, మీ సిన్నతాత సోమన్న. ఆడు ఏటంతాడంటే, అర్జీ పెట్టీ వొదినా, ఆవిడిని కాళీ సేయిత్తారు, జాగాతో పాటు మేడా మనకే వొచ్చీద్ది, న్యాయం మనదే అన్నాడు. ఆడిని తప్పనకు. ఆడి మావోళ్ళ పల్లపు బూమి మొత్తం అప్పు కింద మైదానపోడు రాసేసుకున్నాడు. ఆ మంట ఆడిది. ఆడన్నదాన్లో అబద్దం నేదు.

నాను మిరియాలు కోత్తా ఇదే తలపోసుకునీదాన్ని. లంబసింగిలో మా సెల్లి కొడుకున్నాడు కదా, ఆడి పేరు మీద ఎవులో గదులు కట్టినారు. బోర్డు మీద ఆడి పేరు, ఆడేమో గేటు కాడ కాపలా. సొంత జాగాలో ఆడు సెలాం కొడతాడే. అది నా కళ్ళతో సూసినాను.

అందికే ఎల్లి మెట్ల మీద ఆవిడి పక్కన కూకున్నాను. "ఆడికి సంతకం పెట్టం అప్పా" అన్నాను.

ఆవిడి నన్ను సూడనేదు. "నన్ను రోడ్డు మీద పడమంతన్నావా?" అన్నాది.

"రోడ్డు మీదెందుకు పడతావు? జాగా మాదేనని రాసిచ్చీ. నువ్వు బతికినన్నాళ్ళూ ఇక్కడే ఉండు. ఎవులూ లెగమనరు."

"మీ దయ మీద బతకాలా?" అనీసి గోడ పట్టుకుని పైకెల్లిపోనాది. తలుపేసుకుంది. ఆ వానాకాలమంతా నాతో మాట నేదు. నాను గంజి పంపితే గిన్నె అలాగే తిరిగొచ్చేది. ఏడిసినాను మరి, ఎందుకు అబద్దమాడాలి. సోమన్న ఇంకా కోపం. ముసిలాళ్ళు ఏలిముద్ర ఏసి పోగొట్టినారు, నువ్వు మాటిచ్చి పోగొడతన్నావు అన్నాడు. మా ఇంట్లో నీళ్ళు కూడా తాగడం మానీసినాడు.

వానలెల్లినాక అనకాపల్లి సెల్లెలు వొచ్చింది. మేడ అమ్ముడుపోదని తెలిసినాక ఆవిడి మాట మారిపోనాది. మా ఇల్లూ ఇరుకే అక్కా అన్నాది. రాత్రి కూడా ఉండకుండా బస్సెక్కీసింది. ఆ మర్నాడు వరాలప్ప గంజి గిన్నె కాళీగా పంపింది. కడిగి, తుడిసి పంపింది. నాకర్దమైపోనాది.

జాగా కాయితం రాయించడానికి పాడేరు ఆపీసుకి ఎల్లినాం ముగ్గురమూ, మీ తాత, నాను, ఆవిడి. ఆపీసరు సిన్నోడే, మర్యాదస్తుడు. ఆవిడికి కుర్సీ ఏయించినాడు. ఎవులైనా బెదిరించినారా అమ్మా అనడిగినాడు. నేదంది. మరి ఆ జాగా ఎవులిదమ్మా అన్నాడు. నాకు భయమేసింది, ఏటంతాదో అని.

"ఆళ్ళదే బాబూ" అన్నాది. "మేం అడిగినాం, ఆళ్ళిచ్చినారు. ఉన్నాం."

బస్సులో వొత్తా వొత్తా అడిగింది, "ఇప్పుడు నన్నేటని పిలుత్తావే బుద్రీ, అద్దెకున్న మనిషనా?" అని. ఇన్నాళ్ళూ అప్పా అని పిలిసినాను, ఇప్పుడు కొత్త పేరెక్కడ తేనూ అన్నాను. నవ్వింది. తల నా బుజమ్మీదెట్టి పడుకుండిపోనాది.

ఆవిడి మెట్లెక్కలేదు గనక కింద కొట్టుని గదిలాగ సేసినాం, మేము పైకొచ్చినాం. కాపీ గింజలు అమ్మినప్పుడల్లా మీ తాత ఆవిడి సేతిలో కొంత ఎట్టేవోడు, మేడ కట్టినదాని కింద తీసుకో అనీవోడు. శానా ఏళ్ళున్నాది. మీ అయ్య పెళ్ళికి అరుగు మీద కూకుని భోజనాలు పెత్తనం సేసింది. వండినోళ్ళని తిట్టింది కూడా.

ఆవిడి పోయిన రోజు సెల్లెలి కొడుకు కారులో వొచ్చినాడు. ఏడవనేదు గాని మేడ కేసి కింద నుంచి మీద దాకా సూసినాడు. పాడె మొయ్యడానికి ఆడి పక్క మనుసులు సాలనేదు. మేము కులం కానోళ్ళం, ముట్టుకుంతే ఏటంతారో అని మీ తాత తటపటాయిత్తన్నాడు. అప్పుడు సోమన్న గుంపులోంచి వొచ్చినాడే. ఎవుల్నీ అడగనేదు. తువ్వాలు తలకి సుట్టుకుని ముందర కొమ్ము బుజానికెత్తుకున్నాడు. గెడ్డ దాకా దించనేదు.

తిరిగొచ్చి మా ఇంట్లో నీళ్ళడిగినాడు. ఇచ్చినాను.

ఎవులిది అంతే... మరి ఏటనాల? ఊరోళ్ళు వరాలమ్మ మేడంతే అననీ, మనకేటి పోనాది. నువ్వు నీ పేరుతో, నీ కాళ్ళ మీద, నీ గుమ్మంలో సల్లగా బతుకు తల్లీ. నీ గుమ్మంలోకొచ్చినోళ్ళూ సల్లగుండాల. సాల్లే, ఆపీ ఆ ఫోను. పొయ్యి మీద చోడంబలి అడుగంటిపోతాది కావాల, ఓసారి ఎల్లి సూడు...