నెగెటివ్ అంటే నాకు కనవడలేదని

…గందుకే శాలువా వద్దన్న, మే నెలల నాచారంల శాలువా కప్పితే ఎవలకైనా జొరమొస్తది, మళ్ల నా రక్తం నేనే పరీక్ష జేసుకోవాలె. (నవ్వులు) సరే, కప్పిన్రు. దవాఖానా బంద్ వెట్టకుంట వరండలనే నా రిటైర్మెంట్ మీటింగ్ పెట్టిన డాక్టర్ కమలకుమారి మేడమ్‌కు, ట్రస్టు పెద్దలు పరంధామయ్య సార్‌కు, ఇరవయ్యేండ్లు ఈ ల్యాబ్ కామరాజుకు తెమడ డబ్బాలు అందించిన బస్తీ జనానికి, అందరికి దండాలు.

మా ల్యాబుల ఒక పద్ధతుంది. టీబీ పురుగు కనవడితే ఎర్ర పెన్నుతోని రాయాలె, లేకుంటే నీలం. 2006ల చిల్కానగర్ నుంచి తారామణి దగ్గుకుంట వచ్చింది. రెండు స్లైడ్లు సూసిన, ఏం లేదు. నీలం పెన్నుతోని నెగెటివ్ రాసి, "ఫికర్ జేయకు బిడ్డా, ఇంటికి పో" అన్న. సంబురపడి మిర్చీలు తెచ్చిచ్చింది, తిన్న. నెలకు, మెట్లెక్కలేక ఆటోల పండుకోని వచ్చింది.

తారామణి పేరు జెప్పాల్నా వద్దా అని పొద్దున ఆమెనే అడిగితే, "చెప్పు మామా, నాకు లేని సిగ్గు నీకెందుకు" అన్నది. గా తలుపు కాడ పేషెంట్ల చిట్టీలు రాస్తున్నది ఆమెనే.

మేడమ్ హెచ్ఐవి పరీక్ష జేయించిన్రు, ఉన్నదని తేలింది. ఊరి బడిల సదివిన నాకు సమజయ్యేటట్లు జెప్పిన్రు: ఊపిరితిత్తులల్ల కావలి కణాలుంటయి, మన ఫ్యాక్టరీల వాచ్‌మన్ల లెక్క. దొంగను పట్టి సుట్టు గోడ కడ్తయి. హెచ్ఐవి వాళ్లకు హుకుం ఇచ్చే సూపర్వైజర్లనే సంపుతది. ఇగ వాచ్‌మన్లుంటరు గని పట్టరు, కొట్లాట గాదు. ఆ కొట్లాటల ఊపిరితిత్తి పుండై కరిగితేనే పురుగులు తెమడలకు మస్తుగ వచ్చేది. నేనేమో గేటు బయట నిలవడి, లోపల లొల్లి లేదు గదా, దొంగ లేడని రాసిచ్చిన.

మేడమ్ ఎక్స్‌రే సూసి టీబీ మందులు మొదలువెట్టిన్రు, ఎనక హెచ్ఐవి మందులు. సూపర్వైజర్లు ఒక్కొక్కలు మళ్ల డ్యూటీకెక్కిన్రు. గప్పుడు ముప్పై నాలుగు కిలోలున్న మనిషి, ఇయ్యాల "లేటొచ్చినవ్ మామా" అని నన్ను గద్దిస్తది. (చప్పట్లు)

గప్పటి సంది నెగెటివ్ కింద ఒక ముక్క రాస్తున్న: "నాకు కనవడలే. తగ్గకుంటే మళ్ల రా." ఇదేం రిపోర్టని శానామంది నవ్విన్రు. నా జాగల వచ్చిన హిమజ నాకన్న సదువుకున్నది, సేతిరాత గూడ మంచిది. ఆమెకు నేనిచ్చి పోయేది గా ముక్కనే. రాస్తదో లేదో, గదొక్కటే నా బెంగ. ఇన్నేండ్లు నన్ను ఓర్సుకున్నందుకు మీకు—

(తలుపు దగ్గర నుంచి తారామణి: "మామా! హిమజ పిలుస్తుంది. స్లైడ్ల ఏం కనవడ్తలేదట, గని ఆ మనిషిని ఇంటికి పంపబుద్ధైతలేదట. నువ్వొకసారి సూడాల్నట!")

వస్తున్న, వస్తున్న! అందరికి సెలవు, భోజనాలు ఆగొద్దు, మేడమ్, జర ఈ శాలువా పట్టుకోండ్రి, నేను గిట్ల పోయి—