వెనక బల్బు మర్చిపోలేదు

బుడ్డోడా, ఇక్కడ నిలబడి మాట్లాడాల్సింది నువ్వు. మీ గురువు పని మానేస్తున్నాడు, నువ్వు లేవు, అందుకని మీ అమ్మని లేపారు.

సభకి పెద్దగా కూర్చున్న స్పేర్ పార్టుల షాపు ఓనరుగారికి, మెకానిక్కుల సంఘం పెద్దలకి, ముందు వరసలో ఉన్న మేస్త్రిగారి ఇల్లాలు మా వదినకి, కుర్చీలు చాలక గోడకి ఆనుకున్న మిగతా అందరికీ నమస్కారం. నేను చదివింది మూడో తరగతి. ఈ కాగితం నేనే రాసుకున్నాను, మా అమ్మాయి దిద్దుతానంటే వద్దన్నాను. ఓనరుగారు నాకు ఐదు నిమిషాలిచ్చారు. ఐదు నిమిషాల్లో ఇస్తామన్న బల్బు కోసం ఆయన షాపు ముందు పొద్దుటి నుంచి మధ్యాహ్నం దాకా నిలబడ్డదాన్ని, ఆ లెక్కనే మాట్లాడతాను. (నవ్వులు)

ఇక మన మేస్త్రిగారు. ఈయన్ని మీరంతా ఫ్యూజు మేస్త్రి అంటారు. చాటుగా కాదు, మొహం మీదే అంటారు. అడిగిందే రెండోసారి అడిగితే ఎగిరిపోతాడు కదా మరి. మా వాడు బళ్ళ కరెంటు పని ఈయన దగ్గరే నేర్చుకున్నాడు. ఇంటికొచ్చి ఈయన తిట్లన్నీ ఈయన గొంతుతోనే తిట్టి చూపించేవాడు. అన్నయ్యా, అలా చూడకండి, బాగానే తిట్టేవాడు. (నవ్వులు)

మా ఆయన పోతూ మాకు వదిలిన పాత మోటారుసైకిలు ఒకటుంది. ఆరు వోల్టులది. బండి జోరుగా పోతే దాని లైటు వెలుగుతుంది, నెమ్మదిస్తే కునికిపాట్లు పడుతుంది, హారన్ కొడితే పూర్తిగా కళ్ళు మూస్తుంది. ‘అమ్మా, దీనికి ఒకేసారి రెండు పనులు చేతకావే’ అనేవాడు మా వాడు. నేను బట్టలు కుట్టే చోట దుకాణం కట్టేసేసరికి చీకటి పడుతుంది, ఆ గుడ్డి దీపంతోనే వచ్చి నన్ను ఇంటికి తీసుకెళ్ళేవాడు. చివరికి విసుగొచ్చి, దాన్ని పన్నెండు వోల్టులకి మార్చేస్తానని మొదలుపెట్టాడు. లోపలి కాయిలు, రెక్టిఫయరు, బ్యాటరీ, వైర్లు, హారను, బల్బులు, అన్నీ మారాలి. పాత బల్బు ఒక్కటి మిగిలినా కొత్త కరెంటుకి ఆగలేక మాడిపోతుంది. ఇదంతా మీకు తెలిసిందే, వదిన కోసం చెబుతున్నాను.

పని సగంలో ఉండగా జ్వరమొచ్చింది. ఆస్పత్రికి తన కాళ్ళతో తనే నడిచి వెళ్ళాడు.

ఆ తర్వాతది మీకు తెలుసు. నేను దాని గురించి మాట్లాడటానికి రాలేదు.

బండి ఈయన షాపులోనే ఉండిపోయింది, ట్యాంకు ఒక మూల, సీటు ఒక మూల. పాత ఇనుముకి ఇచ్చెయ్యమని చెప్పినవాళ్ళు ఈ హాల్లోనే ఉన్నారు, మంచికే చెప్పారు. మేస్త్రిగారు మాత్రం మా గుమ్మంలోకి వచ్చి, చెప్పులు కూడా విడవకుండా, ‘ఏం చెయ్యమంటావమ్మా?’ అన్నారు. ‘మొదలుపెట్టిన పని కదన్నయ్యా, పూర్తిచెయ్యండి’ అన్నాను. మధ్యాహ్నం పూట నేనూ వెళ్ళి స్టూలు మీద కూర్చునేదాన్ని.

‘ఊరికే కూర్చోకు, ఆ ఎర్ర వైరు అందుకో’ అనేవారు.

‘ఇది ఎరుపు కాదన్నయ్యా, మెరూను.’

‘బండికి జాకెట్టు కుట్టడం లేదమ్మా మనం!’ (నవ్వులు)

బట్ట తిరగేసి లోపలి కుట్టు చూస్తే కుట్టినవాళ్ళ సంగతి తెలిసిపోతుంది. ట్యాంకు కింద ఎవరూ చూడని చోట కూడా ఈయన వైర్లు జడ అల్లినట్టు ఉంటాయి. నేను తిరగేసి చూశాను.

బండి స్టార్ట్ చేసిన రోజు మీలో చాలామంది వచ్చారు. ఒక్క కిక్కుకి అందుకుంది. ముందు లైటుకి ఎదుటి గోడంతా తెల్లబడింది. అందరూ చప్పట్లు కొడుతుంటే వెనక ఎర్రలైటు ఒక్కసారి భగ్గున వెలిగి ఆరిపోయింది. పాత బల్బు. సీట్లు కుట్టే ఆయన ‘ఏంటి మేస్త్రీ, కళ్ళజోడు మార్పించాలా?’ అన్నాడు. ఫ్యూజు మేస్త్రి ఎగరలేదు. ‘మర్చిపోయానురా, ఇక చేతులు కడిగేసుకోవాలి’ అన్నారు. ఆ వారంలోనే మానేస్తున్నానని సంఘానికి చెప్పేశారు. ఇందాక మాట్లాడిన పెద్దలందరూ వయసు గురించి, మరుపు గురించి గౌరవంగానే మాట్లాడారు.

ఆయన మర్చిపోలేదు. నేను పక్కనే ఉన్నాను. వెనక లైటు అద్దం విప్పారు, కొత్త బల్బు చొక్కా జేబులోంచి తీసి చేత్తో పట్టుకున్నారు. లోపల పాత బల్బు కింద చాక్లెట్ రేకు మడిచి పెట్టి ఉంది. హోల్డరు వదులైందని మా వాడు పెట్టిన రేకు. ఇలాంటి కక్కుర్తి పనులు చెయ్యొద్దని ఈయన వాడిని ఎన్నిసార్లు తిట్టారో! ఆ మడతని చూస్తూ చాలాసేపు అలాగే ఉన్నారు. కొత్త బల్బు మళ్ళీ జేబులో వేసుకుని అద్దం బిగించేశారు. అది మాడిపోతుందని నాకే తెలుసు, ఈయనకి తెలియదా?

కూర్చోండన్నయ్యా. చెప్పనివ్వండి. ఇన్నాళ్ళూ మీరు చెబుతారని ఊరుకున్నాను.

మోకాళ్ళ నొప్పులని మానెయ్యండి, విసుగొచ్చిందని మానెయ్యండి, మీ ఇష్టం. మర్చిపోతున్నానని మాత్రం మానొద్దు. ఆ మాట మీద మిమ్మల్ని పంపితే మా వాడు నన్ను ఊరుకోడు.

నిన్న సాయంత్రం ఆ అద్దం నేనే విప్పాను. కొత్త బల్బు పెట్టాను. రేకు అక్కడే ఉంచాను, తిట్టుకుంటే తిట్టుకోండి. ఇవాళ మా అమ్మాయి నన్ను ఆ బండి మీదే తీసుకొచ్చింది. దారిలో హారన్ కొట్టింది. లైటు తగ్గలేదు.

పిలిచినందుకు ఓనరుగారికి, విన్నందుకు మీ అందరికీ దండాలు. ఇక నాకు సెలవిప్పించండి. అన్నయ్యా, ఒక్క మాట. మీరూ మా వాడూ ఒకే క్యారేజీలో తినేవాళ్ళు. ఇప్పుడది మూత తియ్యకుండానే ఇంటికి తిరిగొస్తోందని వదిన చెప్పింది. వేళకి అన్నం తినండి. కడుపునిండా తినండి.