ఎత్తు మీంచి పైడమ్మ పిలిసిన పేరు

కొండయ్య, మా గుల్లపేట కొండయ్యే, వొడ్డున నిలబడి కేకేస్తే పేటంతా ఇనబడతాది గానీ, సేతిలో మాటలపెట్టి అట్టుకుని సంద్రంలోకి ఎల్తే మాత్రం ఆడి మాట గర్రుమని మజ్జిలోనే సచ్చిపోయేది. మాటలపెట్టంటే తెలుసు కదా, వాకీటాకీ. మీట నొక్కి మనం మాటాడాల, వొగ్గేసి అవతలోడిది ఇనాల. సంఘం వోళ్ళు పడవకొకటి ఇచ్చినారు, ఇంకోటి కూడా మిగిలింది. లైసెన్సు అక్కర్నేని రకం. అట్టపెట్టి మీద ఇన్ని కిలోమీటర్లు పలుకుతాదని పెద్ద అంకె ఏసుంది. అంకె అట్టకే గానీ మాకేటి, గట్టిగా మూడు మైళ్ళు దాటితే పలికేది కాదు. ఇలగుండగా ఏటైందంటే, పట్నం నుంచి ఒకడొచ్చి, కొండయ్యా నా కాడ బూస్టరని ఒక డబ్బా ఉంది, దీనికి తగిలించుకో, నీ మాట ఓడరేవు దాటి పోతాది అన్నాడంట. మావోడికి అంతకంటే ఏటి కావాల? సంబరపడిపోయి ఆ డబ్బా సంకనెట్టుకుని పేటంతా తిరగతన్నాడు.

అది ధర్మారావు తాత కంట్లో పడింది. తాత ఓడల్లో వైర్లెస్ పని సేసొచ్చినోడు, సెవులు కాస్త మందం గానీ బుర్ర మా సురుకు. ఓరి కొండయ్యా, గాలి నీ ఒక్కడి సొత్తేటిరా, అన్నాడంట. ఈ రకం పెట్టికి జోరు పెంచకూడదు, నెత్తిమీదున్న ఆ ఏంటెనా కర్ర మార్చకూడదు, అలగైతేనే లైసెన్సు లేకుండా వోడుకోమన్నారు. నువ్వు జోరు పెంచి అరిసినావనుకో, అదే గాల్లో పేనం మీదకొచ్చి పిలిసీవోడి మాట నీ అరుపులో మునిగిపోతాది, ఆ పాపం ఎవడిదిరా? కొండయ్య మొకం ఇంతైపోనాది. మరి దూరం ఎలగ తాతా, అన్నాడు. ముందు దాన్ని మొల్లోంచి తియ్యరా ఎదవా, అన్నాడు తాత. ఇక్కడ మీకొకటి సెప్పాల, నవ్వకండి. మేం అందరం ఆ పెట్టిని పొగాకు పొట్లం దోపుకున్నట్టు మొల్లో దోపుకునీవోళ్ళం, కర్ర కిందకెట్టి మరీను. పిలుపొస్తే అలగే వొంగుని మొలతో మాటాడీవోళ్ళం. తాత అందర్నీ వరసగా నిలబెట్టి సూపించినాడు: పెట్టి నిటారుగా అట్టుకోండి, పడవలో కూకోకండి, లేసి నిలబడండి, ఇంటికొస్తే ముందు ఛార్జీకెట్టండి. అప్పటికీ సాలకపోతే, జోరు కాదురా పెంచాల్సింది, ఎత్తు. మిగిలిన పెట్టి ఇచ్చి కొండ మీద ఒక మనిషిని కూకోబెట్టండి. ఆ మనిషికి మీరందరూ ఇనబడతారు. ఇటు ఇన్నది అటు సెప్తే సరి, సట్టం తప్పకండానే దూరం పెరుగుతాది.

కొండ మీద మనిషెవరు? కొండయ్య పెళ్ళాం పైడమ్మ ఉంది. రోజూ జీడితోట కాపలాకి ఎలాగా పైనే ఉంటాది, మాట గంటలాగ ఉంటాది. అందరూ సరే అన్నారు. అన్నారు గానీ ఒక సిక్కుంది. మా ఆడోళ్ళు మొగుడి పేరు సెప్పరు కదా, సెప్తే ఆడి ఆయుస్సు తరుగుతాదని. పైడమ్మైతే పేరుని పోలిన మాట కూడా అనదు. ఆవిడ నోట కొండన్న మాట రాదు, ఎత్తంటాది. ఎత్తు మీదకి ఎల్తన్నాను అంటాది. ఆకరికి కొండసీపురుని కూడా ఎత్తుసీపురు అంటాది, సంతలో సీపుర్లమ్మీవోడు తెల్లబోయి సూసీవోడంట. అందుకని మొగుణ్ని పిలవాలంటే, పోలి నాన్నా, అని కూతురి పేరెట్టి పిలిసీది. మా అమ్మవారు పోలమ్మ తల్లి, ఇంటికి తొలి ఆడపిల్ల పుడితే పోలి అనే పేరెడతాం. అంటే పోలి నాన్నలు ఎంతమంది? సంద్రం మీద రోజూ ముగ్గురు. ఆ ముగ్గురిలో నానొకణ్ణి.

అయినా సెప్పొద్దూ, ఆ పిల్ల ఎత్తెక్కిన కాణ్ణించి మా బతుకు బాగుపడింది. సేప ఎటేపు పడతన్నాదో, గాలెప్పుడు తిరుగుతన్నాదో, అన్నీ ఆ నోటంటే తెలిసీవి. మా పోలికి రెండో బిడ్డ పుట్టిందని నడిసంద్రంలో ఇన్నాను. ఎర్రన్న బావా, తల్లీ పిల్లా కులాసా, అని సెప్పింది. వలొగ్గేసి ఏడిసినాను. ఆ మాట నాను సచ్చేవరకూ మర్సిపోను.

మరేటైందంటే, ఒకరోజు పొద్దున్న సంద్రం మీద మంచు దిగిపోనాది. సెయ్యి సాపితే సెయ్యి కనబడదు. కొండయ్య ఇంజను ఆగిపోనాది, నీటిపోటు ఆణ్ని లాక్కెల్లి ఓడలు తిరిగే దార్లో పడేసింది. ఓడ మోత ఇనబడతన్నాది గానీ ఎటేపు నుంచో తెలీదు. పెట్టి సూస్తే, ముందురోజు ఛార్జీకెట్టడం మర్సిపోనాడు, కీసుకీసుమంటన్నాది. లేసి నిలబడి, పెట్టి నెత్తికెత్తుకుని, పైడీ, ఇంజను సచ్చిపోనాది, ఓడొస్తన్నాదే, అన్నాడు. ఆ మాట ఎత్తుమీద పైడమ్మకి ఇనబడింది. కింద నీటి మీదున్న మాకెవరికీ ఇనబడలేదు, అది గుర్తెట్టుకోండి. పైడమ్మ మీట నొక్కి, పోలి నాన్నా ఎక్కడున్నావ్, అంది. అది మాకందరికీ ఇనబడింది. మా పోలికేటైపోనాదో అని నాను నొక్కేసినాను. అటు ఇంకో పోలి నాన్నా నొక్కేసినాడు. కొండయ్యా నొక్కినాడు. ముగ్గురం ఒక్కసారి నొక్కితే ఏటవుతాది? గర్ర్ర్. పైడమ్మ మల్లీ పిలిసింది, మల్లీ గర్ర్ర్. మీరు కాదు, మా ఇంటాయన, అంది. పెళ్ళైనోడెవడు ఇంటాయన కాడు సెప్పండి? ఈసారి ఐదుగురు నొక్కినారు.

ఆ పొద్దు గంజి అట్టుకుని పైకెల్లిన పైడమ్మ అత్త సిమ్మాలమ్మ పక్కనే ఉందంట. కన్నకొడుకు కదా, ముసల్ది కోడలి బుజం అట్టుకుందంట. పేరెట్టి పిలవే, అందంట. అత్తా ఆయుస్సు, అని ఈ పిల్ల గొల్లుమందంట. ఓలి బిడ్డా, ఇప్పుడు పిలవకపోతే ఇంక ఆయుస్సేటే, పిలు, నాను సెప్తన్నాను పిలు, అందంట. అప్పుడు పైడమ్మ కళ్ళు మూసుకుని, మీట నొక్కి, కొండయ్యా! అని కేకేసింది. కొండయ్యా, నువ్వొక్కడివే పలుకు!

బాబూ, ఏటి సెప్పమంటారు. అంతమంది పడవోళ్ళం నోరు తెరుసుకుని ఉండిపోనాం. పైడమ్మ మొగుడి పేరు సెప్పిందిరా అని ఇస్తుపోయి ఒక్కడూ మీట మీద ఏలెయ్యలేదు. గాలి కాళీ అయిపోనాది. ఆ కాళీలో కొండయ్య మాట ఎత్తుకి సేరింది: గంట బోయా నా ఎడంసేతి పక్కన మోగతన్నాదే. అంతే, ఆడి పెట్టి ఆరిపోనాది. సాలు కదా! పైడమ్మ నన్ను పేరెట్టి పిలిసి, ఎర్రన్న బావా, గంట బోయా కాడికి ఎల్లు, దాని పక్కనే ఉన్నాడు, అంది. గంట బోయా అంటే ఓడలకి దారి సూపించడానికి నీటి మీద తేలే గంట, ఆ మోత అట్టుకుని ఎల్లినాను. తాడేసి లాక్కొచ్చేస్తంటే, ఎనక మంచులో ఓడొకటి మేడంత ఎత్తున పోనాది, దాని కెరటానికి మా రెండు పడవలూ ఊగిపోనాయి.

కొండయ్య వొడ్డున దిగి ఇంటికెల్లలేదు, తడిబట్టల్తో తిన్నగా ఎత్తెక్కినాడు. పెళ్ళాం రెండు సేతులూ అట్టుకుని, నువ్వు పిలవబట్టి ఉన్నానే, అన్నాడంట. ఏడిసినాడంట కూడా, సిమ్మాలమ్మే సెప్పింది. బూస్టరు డబ్బా తిరిగిచ్చేసి, ధర్మారావు తాత కాళ్ళకి దణ్ణమెట్టినాడు. తాతకి సరిగా ఇనబడక, ఛార్జీకెట్టినావా, అన్నాడు.

ఆ మరుసటిరోజు నుంచీ మేం ఏటకెల్లే ముందు మా ఆడోళ్ళందరూ ఎత్తు మీద వరసకట్టి, పైడమ్మ పెట్టిలో ఎవరి మొగుణ్ని వోళ్ళు పేరెట్టి పిలిసి, పలికితేనే దిగుతారు. ఒక్కడి ఆయుస్సూ తరగలేదు, నన్ను సూడండి, డెబ్బై దాటినాయి. పాతికేళ్ళు నన్ను ఓయ్ అని పిలిసిన మా ఇంటిది ఇప్పుడు ఉప్పు నిండుకున్నా ఎర్రన్నా, కోడి తప్పిపోయినా ఎర్రన్నా. ఇసుక్కోను. ఆ పొద్దు మంచులో ఇన్న పిలుపు గుర్తొస్తాది, పైడమ్మ తల్లికి మనసులో దణ్ణమెట్టుకుంటాను, లేసి పలుకుతాను. అదిగో, ఇనబడతన్నాదా? నన్నే.