దారం కింద కోత

విరిగిన హాకీ కర్ర పిడికి చుట్టిన దారం విప్పి చూస్తే, లోపల రంపం కోత ఉంది. 1961లో ఆ కోతను కనిపెట్టింది ప్రొద్దుటూరు కాలేజీ డ్రిల్లు మాస్టరు దేవపాలు. ఆ కర్రతో ఆడిన కమాల్ బాషా తండ్రి, ఎద్దులబండ్లు చేసే దస్తగిరికి ఆయన కబురంపాడు. మరునాడు జమ్మలమడుగు నుంచి తొలి బస్సుకే వచ్చి ఆటసామాన్ల గదిలో నిలబడ్డాడు దస్తగిరి.

“చూసినావా దస్తగిరన్నా? గుంతకల్లులో రైల్వే వాళ్ళు టీములోకి తీసుకునేదానికి ఆడించి చూస్తాంటే నీ కొడుకు కర్ర ఊరికే ఇరగలే. ఎవరో లోపల కోసి పెట్టినారు.”

“ఇరిగిందిలే సార్. ఇరిగేటివి ఇరుగుతాయి.”

“అట్లంటావేంది? చేతికి తీసుకొని చూడు.”

“కనపడతాండాది. ఆడనే ఉండనీండి.”

“పిడిలో పేము బద్దల మధ్య రబ్బరు పట్టీలు ఉండాల. దెబ్బ తగిలితే ఆ అదురు తినేది రబ్బరే. దాన్ని పెరికేసి, బదులుగా తుమ్మకట్టె పేడు దిగ్గొట్టినాడు. వీడు బంతిని గట్టిగా కొట్టంగానే రెండు తునకలు. ఆట మొదలై ఐదు నిమిషాలు కాలే.”

“రబ్బరు అందుకా ఉండేది?”

“మరెందుకు?”

“ఏం లేదు. అడిగినా.”

“వేరే కర్ర ఇచ్చినారు. చేతికి రాలే. బంతి ముందుకు పోతాంటే వీడు వెనక నిలబడినాడు. పక్కన రైల్వే ఆఫీసరు, ‘ఈ పిల్లోడేనా మీరు రాసింది’ అన్యాడు. నేను బూట్ల దారం కట్టుకుంటాన్నట్ల కిందికి వంగినా. తల ఎత్తలేకపోయినానన్నా.”

“మీరేం తప్పు చేసినారు సార్.”

“పెన్న ఇసుకలో వంకర కట్టెతో ఆడతాంటే పట్టుకొచ్చినా వాన్ని. అప్పుడు బంతి దొరికితే ఇంకొకనికి ఇచ్చేవాడు కాదు. ఇయ్యడం నేర్పడానికే రెండేండ్లు పట్టింది. తొలి ఏడు ఒక్క గోలు లేదు. పోయిన ఏడు పద్నాలుగు. ఇట్లాంటి ఫార్వర్డు నాకు మళ్ళీ దొరకడు.”

“తెలుసు. అన్నం కాడ కూడా మీ పేరే చెప్తాండె.”

“ఇప్పుడేమంటాండాడు?”

“ఏమీ అనడు.”

“నాతోనూ అంతే. ఎవరి మీద అనుమానం అంటే తల దించుకుంటాడు. వాడు చెప్పకపోతే నేను చెప్తా. ఓబులేసు.”

“యా ఓబులేసు?”

“పులివెందుల సేద్యగాళ్ళ పిల్లోడు. వాడూ ఫార్వర్డే. రైల్వే వాళ్ళు ఒకన్నే పంపమంటే నేను కమాల్‌ను పంపినా. ఈ గది తాళంచెవి ఓబులేసు దగ్గరే ఉంటాది. ఇంకేం కావల్ల?”

“ఒప్పుకున్యాడా?”

“ఏడుస్తాండాడు. పదకొండు గంటలకు ప్రిన్సిపాల్ గారు కాలేజీ నుంచి వాని పేరు కొట్టేస్తారు. వాళ్ళమ్మ గంగమ్మ పొద్దున్నే వచ్చి వరండాలో కూచోనుంది. చూసింటావు.”

“చూసినా. చెప్పులు చేతిలో పట్టుకొని కూచోనుంది.”

“ఆయమ్మను చూడగాకు, నీ కొడుకును చూడు. ఇదిగో రైల్వే ఆఫీసరు జాబు. ఎవరో కావాలనే కర్ర పాడు చేసినారని కాలేజీ రాసిస్తే, వచ్చే నెల మళ్ళీ ఆడించి చూస్తాడంట. లేకుంటే లేదు. ఇంకొక్కసారి చూస్తే వాన్ని వదలరన్నా. ఉద్యోగానికి ఉద్యోగం, ఆటకు ఆట.”

“మళ్ళీ చూస్తామని రాసినాడా?”

“రాసినాడు. అందుకే నిన్ను పిలిపించింది. నువ్వు చెక్కపని తెలిసినోడివి. ఇది కావాలని చేసిందేనని ఈ కాగితం కింద సంతకం పెట్టు.”

“నాకు సంతకం రాదు సార్.”

“వేలిముద్ర వేయి.”

“అద్దాలు తెచ్చుకోలే.”

“వేలిముద్రకు అద్దాలెందుకన్నా?”

“కాదు, కాగితంలో ఏముందో ఏమో అని.”

“చదివి వినిపిస్తా. నా మీద నమ్మకం లేదా?”

“మీ మీద ఉంది సార్.”

“మరేంది? ఈ చెత్తపని చూడు. జిగురు పూసి తోసినాడు, అంతే. మొద్దు చేతులు.”

“చెత్తపని కాదు సార్ అది.”

“ఏందీ?”

“కోత చూడండి, వెంట్రుకంత వంకర లేదు. పేడు ఎంత బిగువుగా కూచున్యాదో చూడండి. బండి చక్రంలో బిగించే ఆకులకు వాడే పాత తుమ్మ అది. సేద్యం చేసుకునేవాళ్ళ పిల్లోనికి ఈ పని చేతగాదు.”

“అయితే ఎవరితోనో చేయించినాడు. మీ తావున ఇట్లాంటి పనోళ్ళు ఎంతమంది?”

“శానామంది లేరు.”

“పేర్లు చెప్పు, రాసుకుంటా.”

“ఆయమ్మను లోపలికి పిలుస్తా సార్.”

“ఆమెనెందుకు? కాళ్ళ మీద పడి ఏడుస్తాది. నేను చూడలేను.”

దస్తగిరి తలుపు దాకా పోయాడు.

“గంగమ్మా, ఇట్లా రామ్మా. నేను కమాల్ బాషా వాళ్ళ నాయన్ని.”

“నీ బిడ్డకు జరిగింది ఇన్నానప్పా. మావాడు అట్లాంటోడు కాదు. వాడు చేసింటే నేనే చేతులిరగ్గొట్టేదాన్ని.”

“వాడు చేయలేదు తల్లీ.”

“దస్తగిరన్నా, ఆ తలుపు వేయి. ఏం మాట్లాడతాండావు నువ్వు? జాబు చదివి చెప్పినా కదా. ఆ మాట ఈ గది దాటితే నీ కొడుకు రైల్వే పోతాది.”

“తెలుసు సార్. తలుపు ఉండనీండి.”

“నెమ్మదిగా ఆలోచించుకొని చెప్పు. ఇంకా గంట టైముంది.”

“ఆలోచిస్తే చెప్పలేను సార్. కోసింది నేనే. గుంతకల్లు పోయే ముందు వాడు ఇంటికొచ్చినాడు. వాడు స్నానానికి ఏటికి పోయినప్పుడు నేను కర్ర చేతికి తీసుకుంటే పిడి కొంచెం ఊగినట్లుండె. దారం విప్పినా. లోపల రబ్బరు. కట్టెలో రబ్బరేంది, అంగడోడు మోసం చేసినాడు అనుకున్యా. అంత పెద్దోళ్ళ ముందర నా కొడుకు డొల్ల కర్రతో ఆడాలనా అని, రబ్బరు పెరికి, గాడి సాపు చేసి, మంచి తుమ్మ పేడు దిగ్గొట్టి, దారం ఎట్లుండేది అట్లే చుట్టినా. ముప్పై ఏండ్లు బండ్లు చేసినోన్ని, ఒకర్ని అడగాలని తోచలే. ఇరిగిందని తెలిసినాక చెప్పడానికి నోరు రాలే. వాడు తునక చూసి నా చేతిపని గుర్తుపట్టినాడు. నన్ను ఒక్క మాట అనలే, ఇంకొకరికి చెప్పలే, నా ముందర కూచొని తినడం మానేసినాడు. గంగమ్మా, నీ కొడుకు మీద పడిందని ఈడికి వచ్చేదాకా నాకు తెలీదు. తెలిసినాక ఏం చేసినానో అది కూడా విను. సార్ ఆ రైల్వే జాబు చదివి చెప్తాంటే, నావాడు బాగుపడితే సాలు, నీవాడు పోతే పోనీ అనుకున్యా తల్లీ. ఇంతసేపు ఈడ నిలబడి అదే అనుకుంటాన్యా.”